కొత్త మోడల్ మోజు లేకుండా, పెట్టిన డబ్బుకు తగ్గ స్మార్ట్‌ఫోన్ ఎంచుకోవడం ఎలా?

ఏటా సెప్టెంబరులో కొత్త ఐఫోన్ వస్తుంది. ఏడాది మొదట్లో శామ్‌సంగ్ ఎస్ సిరీస్ వస్తుంది. మధ్యలో మిగతా కంపెనీలు నెలకో మోడల్ దింపుతూనే ఉంటాయి. చేతిలో ఉన్న ఫోన్ శుభ్రంగా పనిచేస్తున్నా అది పాతబడిపోయిందని మనకు అనిపించేదాకా ప్రకటనలు వదలవు. నెలకు ముప్పై వేలు సంపాదించేవాళ్లు ఎనభై వేల ఫోన్ ఈఎంఐలో తీసుకుని రెండేళ్లపాటు కడుతుంటే చూడటానికి బాధగా ఉంటుంది. అందులో సగం డబ్బుతో, కొన్నిసార్లు పావు వంతుతోనే, నాలుగైదేళ్లు నిలిచే మంచి ఫోన్ దొరుకుతుంది. ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో తెలిస్తే చాలు.

1. ముందు చేతిలో ఉన్న ఫోన్ సంగతి తేల్చండి

ఫోన్ మార్చాలని అనుకునేవాళ్లను కారణం అడిగితే ఎక్కువగా వచ్చే జవాబులు మూడు: చార్జింగ్ నిలవట్లేదు, హ్యాంగ్ అవుతోంది, స్టోరేజ్ ఫుల్. చాలాసార్లు ఈ మూడింటికీ కొత్త ఫోన్ అవసరం ఉండదు.

చార్జింగ్ సమస్యకు బ్యాటరీ మార్చండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రెండు మూడు వేల లోపే పని అయిపోతుంది. స్టోరేజ్ విషయానికొస్తే, దాన్ని తినేసేది ఎక్కువగా వాట్సాపే. అందులో సెట్టింగ్స్‌కి వెళ్లి, స్టోరేజ్ అండ్ డేటా, ఆ తర్వాత మేనేజ్ స్టోరేజ్ తెరవండి. ఏ గ్రూపు ఎన్ని జీబీలు ఆక్రమించిందో వరుసగా కనిపిస్తుంది. గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ తీసేస్తే పది, ఇరవై జీబీలు ఖాళీ అయినవాళ్లు చాలామంది ఉన్నారు. స్టోరేజ్ అంచుదాకా నిండితే ఫోన్ నెమ్మదిస్తుంది కాబట్టి హ్యాంగ్ అవడం కూడా దీంతోనే తగ్గవచ్చు.

ఫోన్ మార్చక తప్పని పరిస్థితి ఏదంటే, సెక్యూరిటీ అప్‌డేట్లు (ఫోన్ భద్రతలోని లోపాలు సరిచేస్తూ కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్) ఆగిపోయి చాలాకాలమై, బ్యాంకు యాప్ "ఈ వెర్షన్‌లో పనిచేయదు" అని చెప్పేటప్పుడు. లేదా డిస్‌ప్లే, చార్జింగ్ పోర్టు రెండూ పోయి, రిపేరు ఖర్చు ఫోన్ విలువలో సగం దాటేటప్పుడు. అప్పుడు కింద చెప్పిన వరుసలో వెళ్లండి.

2. ఫోన్ ఎవరికో, ఎందుకో రాసుకోండి

ఊళ్లో ఉండే నాన్నగారికి పెద్ద స్క్రీన్, గట్టిగా వినిపించే స్పీకర్, ఇంట్లో సిగ్నల్ బాగా అందడం ముఖ్యం. డెలివరీ పనిమీద తిరిగే అబ్బాయికి మిట్టమధ్యాహ్నం ఎండలో కనిపించే డిస్‌ప్లే, సాయంత్రందాకా నిలిచే బ్యాటరీ కావాలి. డిగ్రీ చదివే అమ్మాయికి స్టోరేజ్, కెమెరా. ఈ ముగ్గురిలో ఎవరికీ లక్ష రూపాయల ఫోన్‌లోని చిప్ అక్కర్లేదు. కాగితం మీద మూడు అవసరాలు, ఒక గరిష్ఠ ధర రాసుకుని షాపుకి వెళ్లండి. అక్కడ కంపెనీ టీ షర్టు వేసుకుని నిలబడే ప్రమోటర్‌కు తన కంపెనీ ఫోన్ అమ్మడమే ఉద్యోగం. ఆ కాగితం లేకపోతే పదిహేను వేలకని వెళ్లినవాళ్లు ఇరవై రెండు వేల ఫోన్‌తో బయటికి వస్తారు.

3. ధరను ఏళ్లతో భాగించండి

ఈ మార్గదర్శి అంతట్లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఫోన్ ధర ఎంత అన్నదానికంటే ఏడాదికి ఎంత పడుతోంది అన్నది చూడాలి. ఆ ఏళ్లను లెక్కపెట్టాల్సింది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. కంపెనీ ఇచ్చే అప్‌డేట్ల గడువు ఆ రోజే మొదలవుతుంది. ప్రకటనల్లో ఈ ముక్క కనిపించదు.

ఒక ఉదాహరణ చూద్దాం. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 మన దేశంలో 2023 ఫిబ్రవరిలో 74,999 రూపాయలకు వచ్చింది. ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే 2028 మొదటిదాకా. వచ్చిన నెలలోనే కొన్నవాళ్లకు ఏడాదికి పడింది సుమారు 15,000. అదే ఫోన్ 2024 పండగ సేల్‌లో 40 వేల లోపు దొరికింది. అప్పటికి గడువు ఇంకా మూడేళ్లకు పైనే ఉంది కాబట్టి ఏడాదికి 12,000 పడుతుంది. ఫోన్ అదే, చిప్ అదే, కెమెరా అదే. కానీ ధర తగ్గినంతగా ఏడాది ఖర్చు తగ్గలేదు, చూడండి. సగం ధరకు వచ్చిందని సంబరపడేముందు ఈ భాగహారం చేయాల్సింది ఇందుకే.

ఇప్పుడు కింది తరగతి చూద్దాం. గెలాక్సీ ఏ16 5జీ 2024 అక్టోబరులో 18,999 దగ్గర మొదలైంది. దానికి కంపెనీ ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. మధ్యలో బ్యాటరీ మార్చడానికి రెండు వేలు వేసుకున్నా మొత్తం 21,000, ఏడాదికి 3,500. అయితే అందులోని చిప్ సాధారణమైనది. ఆరో ఏడాదికి ఆ ఫోన్ హుషారుగా ఉంటుందని నేను అనుకోను. నాలుగేళ్లే బాగా నడుస్తుందని వేసుకుందాం, బ్యాటరీ ఖర్చు లేకుండా ఏడాదికి 4,750. అప్పటికీ ఎస్23తో పోలిస్తే సగం లేదు. ఫోన్ కాల్స్, వాట్సాప్, యూట్యూబ్, యూపీఐ వరకే వాడే ఇంట్లో మిగతా ఏడు వేలు దేనికి ఇస్తున్నామో ఆలోచించుకోవాలి.

అప్‌డేట్ల విషయంలో కంపెనీల మధ్య, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా చాలా తేడా ఉంటుంది. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024 జనవరిలో ఎస్24తో ఏడేళ్ల హామీ మొదలుపెట్టాయి. ఐఫోన్లకు మొదటినుంచీ ఎక్కువకాలం అందుతున్నాయి. 2018లో వచ్చిన ఎక్స్‌ఆర్‌కు 2024 నాటి ఐఓఎస్ 18 కూడా అందింది. మరోవైపు పది, పన్నెండు వేల ఫోన్లలో రెండేళ్లకే చేతులు దులుపుకునేవి ఇప్పటికీ ఉన్నాయి. కొనే ముందు మోడల్ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి, ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎన్ని, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు అనే రెండు అంకెలూ విడివిడిగా రాసుకోండి. రెండోదే మీ భాగహారంలో వాడాల్సిన అంకె. అది ఎక్కడా కనిపించకపోతే ఆ ఫోన్ వదిలేయండి.

4. స్పెసిఫికేషన్లలో మాయ ఎక్కడుందో చూడండి

ఆన్‌లైన్‌లో ఇలాంటి వివరణ మీకు పదేపదే కనిపిస్తుంది: "16 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 50 ఎంపీ ట్రిపుల్ కెమెరా, 5జీ ప్రాసెసర్." దీన్ని ముక్క ముక్కగా విప్పి చూద్దాం.

ర్యామ్ అంటే నడుస్తున్న యాప్‌లను ఫోన్ పట్టి ఉంచుకునే చోటు. 16 జీబీ ర్యామ్ పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. కిందికి వెళ్లి చూస్తే 8 ప్లస్ 8 అని ఉంటుంది. అసలు ర్యామ్ 8 మాత్రమే. మిగతా 8 స్టోరేజ్‌లోంచి తీసుకున్న వర్చువల్ ర్యామ్. స్టోరేజ్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది కాబట్టి ఆ రెండో 8 లేనట్టే లెక్కించండి. నాలుగేళ్లు వాడాలంటే అసలు ర్యామ్ 8 జీబీ ఉండాలి. పెద్దవాళ్ల తేలిక వాడకానికి 6 సరిపోతుంది. 4 జీబీ ఫోన్ ఎంత చవకగా వచ్చినా ఈరోజు కొనవద్దు.

స్టోరేజ్‌లో సైజుతోపాటు రకం కూడా ముఖ్యం. ఈఎంఎంసీ అనేది పాత రకం. యూఎఫ్‌ఎస్ దానికంటే బాగా వేగమైనది, అందులో 2.2 కంటే 3.1, దానికంటే 4.0 మేలు. యాప్ తెరుచుకోవడానికి పట్టే సమయం, అప్‌డేట్ ఎక్కడానికి పట్టే సమయం దీని మీద చాలావరకు ఆధారపడతాయి. పేజీలో స్టోరేజ్ రకం రాయలేదంటే అనుమానించాలి. మెమరీ కార్డు పెట్టుకునే సౌకర్యం లేని ఫోన్ అయితే, రెండు మూడు వేలు ఎక్కువైనా 256 జీబీ తీసుకోండి. తర్వాత పెంచుకునే దారి ఉండదు.

ట్రిపుల్ కెమెరా అన్నది చాలాసార్లు ఒకటిన్నర కెమెరా. 50 ఎంపీ (మెగాపిక్సెల్) ఒక్కటే అసలుది. 2 ఎంపీ మాక్రో, 2 ఎంపీ డెప్త్ అనేవి వెనక గుండ్రాల సంఖ్య పెంచడానికి పెట్టినవి. 108, 200 ఎంపీ అంకెలూ అంతే. మామూలుగా ఫొటో తీసినప్పుడు ఆ ఫోన్లు చుట్టుపక్కల పిక్సెళ్లను కలిపేసి 12 ఎంపీ ఫొటోనే ఇస్తాయి. మీరు చూడాల్సింది ఓఐఎస్ ఉందా లేదా అన్నది. చెయ్యి కదిలినా లెన్స్ సర్దుకునే ఏర్పాటు అది. రాత్రిపూట పెళ్లి ఊరేగింపులో, తక్కువ వెలుతురున్న గదిలో పిల్లల ఫొటోల్లో తేడా బాగా తెలుస్తుంది.

చిప్ పేర్లలో ఒక్క అక్షరం తేడాతో పనితీరు ఎక్కడికో పోతుంది. స్నాప్‌డ్రాగన్ 7 ప్లస్ జెన్ 2 ఖరీదైన ఫోన్ల చిప్‌లకు దగ్గరగా నిలిచేది. 7ఎస్ జెన్ 2 దానికంటే చాలా కింద ఉంటుంది. 2024లో వచ్చిన 6ఎస్ జెన్ 3 అయితే 2021 నాటి 695కి కాస్త మెరుగులు దిద్దినదే. "కొత్త జెన్ 3 చిప్" అని షాపులో వినగానే మంచిదని అనుకోకండి. ఆ చిప్ ఉన్న ఫోన్‌ను ఆర్నెల్లు వాడినవాళ్ల వీడియో ఒక్కటి చూడండి. వచ్చిన రోజే పెట్టే అన్‌బాక్సింగ్ వీడియోల్లో ఫోన్ వేడెక్కడం, నెమ్మదించడం తెలియవు.

5జీ బ్యాండ్ల (సిగ్నల్ వచ్చే తరంగాల శ్రేణుల) గురించి మన దగ్గర అమ్మే కొత్త ఫోన్లలో పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. జియోకి ఎన్28, ఎన్78 ఉంటే చాలు, ఎయిర్‌టెల్‌కి కూడా ఎన్78 ముఖ్యం. సెకండ్ హ్యాండ్‌లో, విదేశాల నుంచి తెచ్చినవాటిలో మాత్రం తప్పకుండా చూడండి.

వాటర్‌ప్రూఫ్ మీద ఒక మాట. నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగ్ ఉందని ఫోన్‌ను బకెట్లో ముంచి చూపించే సరదా వద్దు. నీళ్లు లోపలికి పోతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు.

5. పాత టాప్ మోడలా, కొత్త మిడ్ రేంజా?

30 నుంచి 45 వేల మధ్య కొనేవాళ్లకు ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదే. టాప్ మోడల్ అంటే కంపెనీ ఖరీదైన ఫోన్, మిడ్ రేంజ్ అంటే మధ్య ధరది. కెమెరా, గేమింగ్ మీకు ముఖ్యమైతే ఏడాది పాత టాప్ మోడల్ తీసుకోండి. వైర్‌లెస్ చార్జింగ్, మంచి జూమ్ లెన్స్, గట్టి బాడీ లాంటివి ఆ ధరలో కొత్త మిడ్ రేంజ్‌లో ఒకేచోట దొరకడం కష్టం. బ్యాటరీ ఎక్కువసేపు రావాలి, ఎక్కువ ఏళ్లు వాడాలి అనుకుంటే కొత్త మిడ్ రేంజ్ మేలు. రెండేళ్లకంటే పాత టాప్ మోడల్ జోలికి, ఏడేళ్ల అప్‌డేట్లు ఉన్నది అయితే తప్ప, నేను వెళ్లమని చెప్పను.

ఏది తీసుకున్నా డిస్‌ప్లే మార్చడానికి ఎంతవుతుందో ముందే కనుక్కోండి. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లలో విడిభాగాల ధరలు పెడుతున్నాయి. అంచులు వంగిన డిస్‌ప్లే చూడముచ్చటగా ఉంటుంది, పగిలితే మాత్రం ఫోన్ ధరలో మూడో వంతు అడిగినా ఆశ్చర్యం లేదు. ఫ్లాట్ డిస్‌ప్లేకి టెంపర్డ్ గ్లాస్ కూడా చక్కగా అతుక్కుంటుంది. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో లేకపోయినా కనీసం జిల్లా కేంద్రంలో ఉండాలి. ఒక్క బ్యాటరీ కోసం హైదరాబాద్ దాకా బస్సెక్కాల్సి వచ్చే బ్రాండ్ ఎంత మంచిదైనా చిన్న ఊళ్లవాళ్లకు పనికిరాదు.

6. ఎప్పుడు కొనాలి, డబ్బు ఎలా కట్టాలి

కొత్త మోడల్ రాగానే పాతదాని ధర తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 రాగానే ఐఫోన్ 15 ధర 79,900 నుంచి 69,900కి దిగింది. తర్వాతి ఏడాది 17 వచ్చినప్పుడు 16కీ అంతే జరిగింది. దసరా, దీపావళి సేల్స్ ఆ వెంటనే వస్తాయి కాబట్టి తగ్గింపు మీద తగ్గింపు దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కొట్టేసి చూపించే ఎమ్మార్పీని అసలు పట్టించుకోకండి. గత రెండు మూడు నెలల్లో ఆ ఫోన్ ఎంతకు అమ్ముడైందో చూపే ధరల చరిత్ర సైట్లున్నాయి, వాటితోనే పోల్చండి. ఇంకొకటి: 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరగడంతో ఫోన్ల ధరలు కూడా ఎక్కుతున్నాయి. కాబట్టి అవసరం నిజంగా ఉంటే, తగ్గుతుందిలే అని నెలల తరబడి ఆగడం వల్ల లాభం ఉండకపోవచ్చు.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది. వడ్డీకి సమానమైన డిస్కౌంట్ ముందుగా ఇచ్చి సరిచేస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. వడ్డీ 2,000 అయితే 360 రూపాయలు, దానికి తోడు బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు. పైగా మొత్తం ఒకేసారి కడితే వచ్చే కార్డు డిస్కౌంట్ ఈఎంఐలో ఒక్కోసారి రాదు. రెండు విధాలా చివరికి చేతినుంచి పోయే మొత్తం రాసుకుని పోల్చండి. స్థానిక షాపులో కూడా ఆన్‌లైన్ ధర చూపించి అడగండి. చాలామంది దగ్గరగా ఇస్తారు, పౌచ్, గ్లాస్ ఉచితంగా వేస్తారు. జీఎస్టీ నంబరుతో, ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసిన బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

7. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కౌంటర్ దగ్గర చేయాల్సిన తనిఖీ

హైదరాబాద్ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్లినా, మీ ఊరి బస్టాండు పక్క షాపులో కొన్నా వరుస ఇదే. తొందరపడకండి, అరగంట కేటాయించండి. మీ సిమ్, ఒక చార్జర్, ఇయర్‌ఫోన్ వెంట తీసుకెళ్లండి.

మొదట *#06# కొట్టండి. పదిహేను అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. అది పెట్టె మీద, బిల్లు మీద ఉన్నదానితో కలవాలి. తర్వాత కేవైఎం (KYM) అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ వేసి 14422కి మెసేజ్ పంపండి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో కూడా చూడొచ్చు. దొంగిలించిన ఫోన్‌గా బ్లాక్ అయ్యుంటే అక్కడ తెలుస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పోయిన ఫోన్లలో కొత్త సిమ్ పడగానే పోలీసులకు సమాచారం వెళ్లే ఏర్పాటు, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో ఉంది. తెలంగాణ పోలీసులు ఇలా పెద్ద సంఖ్యలో ఫోన్లు వెతికి సొంతదారులకు అప్పగిస్తున్నారు. మీరు డబ్బిచ్చి కొన్నా సరే, ఫోన్ తిరిగి ఇచ్చేయాల్సిందే.

ఇప్పుడు బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి తెల్లని పేజీ తెరవండి. కీబోర్డు మరక, పాత ఐకాన్ల నీడ, ఆకుపచ్చ గీత ఏదైనా కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. శామ్‌సంగ్‌లో *#0*# కొడితే రంగులు, టచ్, సెన్సర్లు ఒక్కొక్కటిగా పరీక్షించే మెనూ వస్తుంది. షావోమీలో దానికి *#*#6484#*#*. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లండి. బ్యాటరీగానీ డిస్‌ప్లేగానీ మార్చి ఉంటే, అసలుదా కాదా అన్నది కొంచెం కొత్త మోడళ్లలో అక్కడే రాసి ఉంటుంది. బయటి షాపుల్లో అసలు అమోలెడ్ డిస్‌ప్లే (నలుపు గాఢంగా చూపే రకం) తీసేసి చవక కాపీ డిస్‌ప్లే వేసిన ఫోన్లు బోలెడు తిరుగుతుంటాయి. నలుపు రంగు బూడిదగా కనిపిస్తే అదే కారణం కావచ్చు.

మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి. చెవి దగ్గర పెట్టుకోగానే స్క్రీన్ ఆరిపోవాలి. స్పీకర్‌లో మాట్లాడండి, రెండు కెమెరాలతో వీడియో తీయండి, చార్జర్ గుచ్చి పిన్ వదులుగా ఉందేమో కదిపి చూడండి. చివరగా, పాత యజమాని గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ మీ కళ్లముందే తీయించి, ఫోన్ రీసెట్ చేసి, మీ అకౌంట్‌తో తెరిచాకే డబ్బివ్వండి. అకౌంట్ ఉండగా రీసెట్ చేసిన ఫోన్ లాకై కూర్చుంటుంది. అమ్మిన వ్యక్తి పేరు, నంబరు, సంతకంతో రసీదు తీసుకోండి. ఇంత పని చేయలేమనుకుంటే ఆర్నెల్ల వారంటీ ఇచ్చే రీఫర్బిష్డ్ ఫోన్ (పాతదాన్ని పరీక్షించి, బాగుచేసి అమ్మేది) తీసుకోండి. రెండు మూడు వేలు ఎక్కువైనా నష్టం లేదు.

8. అమెరికా నుంచి తెప్పించుకునేటప్పుడు

అక్కయ్యో బావగారో వస్తున్నారంటే ఫోన్ తెమ్మని చెప్పడం మన ఇళ్లలో మామూలే. చెప్పేముందు ఇది చూడండి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే స్లాటే లేదు, అంతా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్. అమ్మానాన్నల బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ అందులో వేయడం కుదరదు. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ వాయిదాల మీద ఇచ్చిన ఫోన్ అయితే లాక్ ఉంటుంది. అన్‌లాక్డ్ ఫోనే కొనమని గట్టిగా చెప్పాలి. చాలా ఆండ్రాయిడ్ కంపెనీలు అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ ఇవ్వవు. మిగిలే డబ్బు పదివేల లోపైతే ఇక్కడే కొనడం మంచిది.

9. కొన్న వారంలో చేయాల్సినవి

ఆన్‌లైన్ ఆర్డరైతే పెట్టె తెరిచేటప్పుడు లేబుల్ నుంచి ఫోన్ ఆన్ అయ్యేదాకా ఆపకుండా వీడియో తీయండి. రీప్లేస్‌మెంట్ గడువు సాధారణంగా వారమే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన కాల్, కెమెరా, చార్జింగ్ పరీక్షలన్నీ మొదటి రెండు రోజుల్లోనే ముగించండి. బిల్లు, ఐఎంఈఐ ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి. ఫోన్ పోతే సీఈఐఆర్‌లో బ్లాక్ చేయడానికి పోలీసు ఫిర్యాదుతోపాటు ఆ నంబరు కావాలి.

సెట్టింగ్స్‌లో బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే వీలుంటే పెట్టుకోండి. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వేసవిలో పౌచ్ తీసి చార్జింగ్ పెట్టండి, బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తుంటే ముందు బ్యాంకు యాప్‌లు, అకౌంట్లు తీసేసి రీసెట్ చేయండి. వారంటీ ఉన్నా సర్వీస్ సెంటర్ కుంటిసాకులు చెబితే, జాబ్ షీట్ (ఫోన్ తీసుకున్నట్టు, సమస్య ఏంటో రాసిచ్చే రసీదు) రాయించుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో కూడా ఫిర్యాదు తీసుకుంటారు.